దొడ్డిగుమ్మం వైపు నుంచి బంగళా చరిత్ర

చరిత్ర పుస్తకాల్లో మా నాదెండ్ల పేరు రెండు మూడు వాక్యాల్లో వచ్చిపోతుంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని జయించిన తర్వాత ఆ సీమలో అధికారం చేసిన నాదెండ్ల అప్పన, నాదెండ్ల గోపన మహామంత్రి తిమ్మరుసుకు మేనల్లుళ్ళు. వాళ్ళ ఇంటిపేరు మా ఊరి పేరు. వాళ్ళ దానధర్మాల గురించి శాసనాలు చెప్తాయి. వాళ్ళకు పన్ను కట్టిన రైతు ఇల్లు ఎట్లా ఉండేదో, దాని గోడ పెట్టిన చేతులు ఎవరివో శాసనాలు చెప్పవు. చెప్పడం వాటి పని కాదు. ఆ పని చెయ్యవలసినవాళ్ళు చరిత్రకారులు, రచయితలు. అయితే మనం కూడా ఇంటిని కథ జరిగే చోటుగానే తీసుకుంటున్నాం తప్ప, ఇల్లే ఒక కథ అని గుర్తించడం లేదు. ఇంటి పటంలో ఎవరు ఏ గుమ్మంలోంచి రావాలో, ఎవరు ఎక్కడ ఆగాలో రాసి ఉంటుంది. దాన్ని చదవడం నేర్చుకోవాలి.

నేను ఈ చదువు మొదలుపెట్టింది గుంటూరు బ్రాడీపేటలో. 1978లో డిగ్రీ చదవడానికి వెళ్ళి, ఆ పేటలో ఒక పాత బంగళా వెనక ఉన్న ఔట్‌హౌసులో గది అద్దెకు తీసుకున్నాను. "మీరెవరు బాబూ?" అన్న ప్రశ్నకు ఊరి పేరు చెబితే సరిపోలేదు. సరిపడే జవాబు చెప్పాక గది ఇచ్చారు. రాకపోకలు మాత్రం వెనక సందులోని దొడ్డిగుమ్మం గుండా ఉండాలన్నారు. మూడేళ్ళు ఆ బంగళాను నేను వెనక నుంచే చూశాను. ముందు నుంచి చూసినవాళ్ళు ఆ గుండ్రటి స్తంభాలనూ, రంగు అద్దాల కిటికీలనూ మెచ్చుకునేవాళ్ళు. అవి మెచ్చుకోదగ్గవే. కానీ వెనక నుంచి చూసినవాడికి తెలిసేది వేరు.

ముందు ఈ ఇల్లు దేన్ని వదిలి వచ్చిందో చూడాలి. నాదెండ్ల వంటి ఊళ్ళలో పాత ఇంటికి మొదట వచ్చేది అరుగు. వీధి ఎక్కడ ముగిసిందో, ఇల్లు ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేని చోటు అది. అరుగు దాటితే పంచ, పంచ దాటితే నడవ, ఒక పక్క గాదె, ఇంకో పక్క గొడ్లచావిడి, వెనక వసారాలో వంట, ఆ వెనక దొడ్డి, వామి. గోడలు మూరెడు మందం మట్టివి, దూలాలు తాటివి. పైన కలిగినవాళ్ళకు పెంకు, పల్నాడు లోపలికి పోయేకొద్దీ మట్టి మిద్దె, లేనివాళ్ళకు తాటాకు. ఆ ఇంట్లో గది అనే మాటకు పెద్దగా పనిలేదు. పగలు మిరపకాయలు పోసిన చోటే రాత్రి మంచాలు పడేవి. ఉత్పత్తీ కాపురమూ ఒకే కప్పు కింద సాగిన ఇల్లది.

ఇది చెప్పేటప్పుడు కన్నీరు పెట్టుకోనవసరం లేదు. అరుగు మీద కూర్చునే హక్కు అందరికీ ఉండేది కాదు. మాలమాదిగలు అరుగు కింద, వీధిలో నిలబడే మాట్లాడేవాళ్ళు. ఊరి పటమే అట్లా గీసి ఉంది: ఊరు ఒక చోట, పల్లె ఒక చోట. పాత ఇల్లు మానవ సంబంధాల స్వర్గమనీ, బంగళా వచ్చి దాన్ని చెడగొట్టిందనీ రాసేవాళ్ళు అరుగు పైన కూర్చున్నవాళ్ళ మనుమలే కాని, కింద నిలబడ్డవాళ్ళ మనుమలు కారు.

మరి శివారు పేట ఎందుకు పుట్టింది? దాని కారణాలు ఇంజనీరు గీసిన పటంలో లేవు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయి డెల్టా మాగాణి అయింది. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైరు మిల్లులకు పత్తి అందక, మన దేశపు నల్లరేగడి పత్తికి గిరాకీ పెరిగింది. మా ప్రాంతపు పత్తికి వాణిజ్య ప్రపంచంలో పడిన పేరు 'కోకనాడ'. పండించింది గుంటూరు రైతయినా పేరు మాత్రం ఎగుమతి రేవుది. పందొమ్మిదో శతాబ్దం ముగియకముందే రైలు వచ్చింది. నాదెండ్ల పక్క సాతులూరు మీదుగా నరసరావుపేటకు పోయే ఆ దారి మా పత్తినీ మిరపనూ గుంటూరు చేర్చింది. 1859లో కృష్ణా జిల్లాలో కలిసిపోయిన గుంటూరు 1904లో తిరిగి జిల్లా అయింది. జిల్లా అంటే కలెక్టరు కచేరీ, జిల్లా కోర్టు, వాటితోపాటు వకీళ్ళు, గుమాస్తాలు, ఇంగ్లీషు చదువులు. భూమి సరుకైన చోట భూమి తగాదాలు కూడా సరుకవుతాయి. పల్లెలో పండిన డబ్బు వ్యాజ్యాల ఫీజుల రూపంలో పట్నానికి వచ్చి, రైలుకట్టకు ఆవల బంగళాలుగా నిలబడింది.

ఆ పేటలకు తెల్లదొరల పేర్లు పెట్టారు: బ్రాడీపేట, అరండల్‌పేట. పాతగుంటూరు వీధులు గుడి చుట్టూ, బజారు చుట్టూ, కులాల చుట్టూ వంకరలు తిరిగి పెరిగాయి. కొత్త పేటల్లో మాత్రం నిలువు గీతలు లైన్లు, అడ్డ గీతలు అడ్డరోడ్లు. ఈనాటికీ అక్కడ చిరునామా అంకెలతోనే చెప్తారు: నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. వీధికి కులం పేరు పోయి అంకె రావడం చిన్న మార్పు కాదు. ఆ అంకెల వెనక వెలుతురు, గాలి, ఆరోగ్యం గురించిన ఒక సిద్ధాంతం ఉంది. కలరాకూ ప్లేగుకూ భయపడిన వలస ప్రభుత్వం ఇరుకు వీధుల నుంచి దూరంగా ఉండడమే ఆరోగ్యమని నమ్మింది. కంటోన్మెంటులో తెల్లవాళ్ళకు మొదట కుదిరిన ఆ దూరం, తర్వాత కొనుక్కోగలిగిన నల్లవాళ్ళకు కూడా కుదిరింది. కొనుక్కోలేనివాళ్ళు పాత వీధుల్లోనే మిగిలిపోయారు. 1914, 1915 సంవత్సరాల్లో మద్రాసు రాష్ట్రపు పట్టణాలు తిరిగిన పాట్రిక్ గెడ్డెస్, పాత వీధుల్ని కూలగొట్టడం వైద్యం కాదనీ, అవసరమైన చోటే జాగ్రత్తగా కత్తి పెట్టాలనీ వాదించాడు. పేటలు కట్టుకున్నవాళ్ళకు ఆ వాదంతో పనిలేకపోయింది. వాళ్ళు అప్పటికే రైలుకట్ట దాటారు.

బంగళా అన్న మాటే మన చరిత్రను చెప్తుంది. అది బంగాళాదేశపు పల్లెటూరి పూరిల్లు పేరు. కుంపిణీ నౌకర్లు ఆ ఇంటి చుట్టు వసారానూ, వాలు కప్పునూ తీసుకుని, పెంచి, తమ అధికారానికి తగిన నివాసంగా మార్చుకున్నారు. ఆ తర్వాత అది సముద్రాలు దాటి ఇంగ్లండులోనూ అమెరికాలోనూ శివారు ఇంటికి మారుపేరయింది. బెంగాలు రైతు గుడిసె తిరిగి తిరిగి గుంటూరు వకీలు దగ్గరకు వచ్చేసరికి దొర ఇల్లయింది. దారిలో మద్రాసు తోట ఇల్లు దానికి గుండ్రటి స్తంభాలనూ, బండి ఆగే పోర్టికోనూ, సున్నపు మెరుపునూ ఇచ్చింది. అసలు తోట ఇళ్ళు ఎకరాల మధ్య ఉండేవి. మన పేటల్లో ఎకరాలు లేవు. అందుకని తోట నాలుగు క్రోటన్ మొక్కలయింది. ఏనుగంత పోర్టికో జట్కా బండికి సరిపడే పంచ అయింది. దర్పం మాత్రం తగ్గలేదు.

ఇక పటం చూద్దాం. మొదట ప్రహరీ, గేటు. ఇక్కడే పాత ఇంటికీ కొత్త ఇంటికీ తెగతెంపులు. వీధికి ఆనుకున్న అరుగు పోయింది. ఇల్లు పది గజాలు వెనక్కి జరిగి తన చుట్టూ ఖాళీ స్థలాన్ని కాపలా పెట్టుకుంది. తర్వాత వరండా. దాని ఒక కొసన ఆఫీసు గది; దానికి వరండాలోకే తలుపు. కక్షిదారుడు వరండా బల్ల మీద కూర్చుని, పిలిస్తే ఆ గదిలోకి వెళ్ళి, అట్నుంచి అటే బయటికి పోవాలి. అతను ఎన్నేళ్ళు వచ్చినా ఇంట్లోకి వచ్చినట్టు కాదు. మధ్యలో హాలు, రెండు పక్కలా పడకగదులు, వెనక ఇంకో వరండా. వీధిగుమ్మం నుంచి పెరటిగుమ్మం దాకా తలుపులన్నీ ఒకే గీతలో ఉంటాయి. గాలి ఆడడానికి అది మంచి ఏర్పాటు. ఆ గీత మీద గాలి ఒక్కటే స్వేచ్ఛగా నడుస్తుంది.

ఆ ఇంటి కప్పును ఒకసారి చూడండి. మద్రాసు టెర్రసు అంటారు దాన్ని. మూరెడు, మూరెడున్నర ఎడంతో టేకు దూలాలు పరిచి, వాటి మీద సన్నని ఇటుకల్ని నిలువునా, ఏటవాలు వరసల్లో గానుగ సున్నంతో పేరుస్తారు. దానిపైన ఇటుక జల్లీ, సున్నమూ కలిపి పోసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ, రోజుల తరబడి ఆడకూలీలు వరసగా కూర్చుని కొయ్య బద్దలతో కొడతారు. దెబ్బ తడవ తడవకూ మారే చప్పుడును బట్టి కప్పు గట్టిపడిందో లేదో మేస్త్రీ చెప్పేవాడు. టేకు బర్మాది. దూలం ఇనుపదైతే తొలిరోజుల్లో అది ఇంగ్లండు నుంచి వచ్చేది. జంషెడ్‌పూరులో టాటా ఉక్కు 1912లో గాని మొదలు కాలేదు. కొన్ని ఇళ్ళకు పైన వేసింది మంగుళూరు పెంకు. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో పెట్టిన కర్మాగారం నుంచి ఆ పరిశ్రమ విస్తరించింది. నేలకు పరిచినవి మన పల్నాటి నాపరాళ్ళు. వడ్డెర్లు గనుల్లో చీల్చి, ఉలితో చదును చేసిన రాళ్ళవి. ఇంత ప్రపంచం కలిస్తే గాని ఒక వకీలు ఇల్లు లేవలేదు. గృహప్రవేశం రోజు గుమ్మం మీద చెక్కించింది మాత్రం ఒక్కరి పేరే. కప్పు కొట్టిన ఆడవాళ్ళు మళ్ళీ ఆ కప్పు కిందికి పాచిపనికే రాగలిగారు, అదీ వెనక నుంచి.

ఇప్పుడు ఆ వెనక భాగానికి వద్దాం. ముందు గదుల పేర్లు ఇంగ్లీషువి: హాలు, ఆఫీసు రూము, పోర్టికో. వెనక్కి వచ్చేసరికి పేర్లన్నీ తెలుగువి: వంటిల్లు, మడి, బావి, కొట్టు, దొడ్డి. గది పేర్లలోనే ఎక్కడి దాకా ఆధునికత వచ్చి ఆగిందో తెలుస్తుంది. ఈ గీత దగ్గరే ఇంటి ఆడవాళ్ళ రాజ్యం మొదలయ్యేది. దాన్ని రాజ్యమని మగవాళ్ళు అన్నారు. ముట్టయినవాళ్ళు కూర్చునే మూల, జుట్టు తీయించుకున్న ముసలమ్మ వేరుగా వండుకునే పొయ్యి ఈ వెనక వరండాలోనే ఉండేవి. ముందు వరండాలో సంఘ సంస్కరణ గురించి ఉపన్యాసం తయారవుతూ ఉండవచ్చు. రెంటికీ మధ్య ఒక హాలు దూరం.

ఇంకా వెనక, ప్రహరీకి ఆనుకుని, పాకీదొడ్డి. దాని గోడకు సందు వైపు కింద ఒక చిన్న ఇనుప రేకు తలుపు ఉండేది. తెల్లవారకముందే పాకీమనిషి ఆ సందులో నడుస్తూ, ఆ తలుపు ఎత్తి, మలం తీసి తట్టలో పోసుకుని పోవాలి. ఇంటివాళ్ళు అతన్నో ఆమెనో చూడనవసరం లేదు. ఆ మనిషి ఇంట్లో అడుగు పెట్టనవసరం లేదు. శుభ్రత కోసం గీసిన ఈ ఆధునిక పటం అంటరానితనాన్ని తొలగించకపోగా, దానికి కొలతలు నిర్ణయించి, సందు వేసి, తలుపు బిగించింది. నేనున్న ఇంట్లో ఆ రేకు తలుపును ఇటుకలతో మూసేశారు. చతురస్రపు మచ్చ మాత్రం గోడ మీద మిగిలి ఉండేది. నేను రోజూ వచ్చిపోయిన సందు అదే. ఎత్తిపోసే దొడ్లనూ, చేతితో మలం ఎత్తే పనినీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది 1993లో. 2013లో ఇంకో చట్టం చెయ్యవలసి వచ్చింది. అంటే ఆ తలుపు మూతపడడానికి ఎంతకాలం పట్టిందో ఆలోచించండి.

సాహిత్య విద్యార్థులకు ఇందులో పని ఏముంది? చాలా ఉంది. 1909లో తుదిరూపు దాల్చిన 'కన్యాశుల్కం' చివరలో మధురవాణి వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరకు మగవేషంలో వస్తుంది. దాన్ని మనం నాటక చమత్కారంగా చదువుకున్నాం. ఒకసారి ఆ ఇంటి పటం మనసులో పెట్టుకుని చదవండి. సానివాళ్ళ మొహం చూడనని వ్రతం పట్టిన సంస్కర్త గదిలోకి ఆమె రావడానికి ముందు తలుపూ లేదు, వెనక తలుపూ లేదు. వేషమే ఆమెకు తలుపయింది. చలం 'మైదానం' 1927లో వచ్చింది. ప్లీడరు భార్య రాజేశ్వరి వెళ్ళింది ఇంకో ఇంటికి కాదు, గోడలే లేని చోటికి. ఆ నవలతో ఏకీభవించినా, మానినా, అది ప్లీడరు ఇంటి పటం మీద చేసిన విమర్శ అని గుర్తించక తప్పదు. ఇక జాషువా. వినుకొండలో పుట్టి 1971లో గుంటూరులోనే కన్నుమూసిన ఆ కవి 'గబ్బిలం'లో, మనిషికి తెరవని తలుపుల లోపలికి గబ్బిలాన్ని దూతగా పంపాడు. తలుపు మూసి ఉన్నవాడికే తలుపు కొలతలు బాగా తెలుస్తాయి.

అయినా బంగళాకు న్యాయం చెయ్యకుండా ఈ వ్యాసం ముగిస్తే అది చరిత్ర కాదు, కోపం మాత్రమే అవుతుంది. భార్యాభర్తలకు తలుపు వేసుకునే గది ఒకటి ఉండాలన్న ఆలోచన, పిల్లవాడికి చదువుకునే బల్ల ఉండాలన్న ఆలోచన, కిటికీ ఎత్తుగా వెడల్పుగా ఉండాలన్న ఆలోచన ముందడుగులే. ఆంధ్ర రాష్ట్రం కావాలన్న మాటను తొలిరోజుల్లో ఎత్తుకున్నవాళ్ళలో గుంటూరు యువకులు ముందున్నారు. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. ఆ తరం వకీళ్ళలో కొందరు సహాయ నిరాకరణలో కోర్టులు వదిలి జైళ్ళకు వెళ్ళారు. వాళ్ళలో ఉన్నవ లక్ష్మీనారాయణ పల్నాటి గాలి పీల్చినవాడు. పుట్టింది సత్తెనపల్లి ప్రాంతంలోని వేములూరుపాడు. ఆయన, లక్ష్మీబాయమ్మ 1922లో గుంటూరులో శారదానికేతనం పెట్టి, ఏ ఆడవాళ్ళను బంగళా వెనక వరండాలో కూర్చోబెట్టిందో వాళ్ళకే చదువూ పనీ నేర్పే ఇల్లు కట్టారు. ఇల్లు కట్టడంలో రెండు దారులున్నాయని దీనివల్ల రుజువవుతుంది. 'మాలపల్లి'ని మాత్రం ఆయన ఏ బంగళాలోనూ కూర్చుని రాయలేదు. రాయవెల్లూరు జైలులో రాశాడు. ఊరికీ పల్లెకీ మధ్య ఉన్న గీతను చూడడానికి ఆయనకు ఆ దూరం పనికివచ్చింది.

బ్రాడీపేట పెరుగుతున్న ఆ కాలంలోనే, అప్పటి మన జిల్లాలోనే, ఇంకో శివారు పేట వెలసింది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నును నాలుగు వేల రూపాయల నుంచి నలభై వేలకు పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన జనం ఇళ్ళు వదిలి ఊరి వెలుపల పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. పదమూడు వేలకు పైగా మనుషులు ఎండనకా వాననకా సుమారు పదకొండు నెలలు అక్కడ గడిపారు. ఒక పేట మురికికీ జనానికీ దూరంగా జరగడానికి కట్టుకున్నది. ఇంకొకటి అధికారానికి దూరంగా జరగడానికి కట్టుకున్నది. మొదటిదానికి స్తంభాలున్నాయి కాబట్టి వాస్తుశిల్పం అంటున్నాం. రెండవది తాటాకు కాబట్టి ఉద్యమ చరిత్రలో ఒక పేరాగా వదిలేస్తున్నాం. ఇళ్ళ సమస్య మీద 1872లో రాసిన వ్యాసాల్లో ఎంగెల్స్ ఒక మాట రుజువు చేశాడు: ధనికవర్గం ఇరుకు వాడల్ని తొలగించదు, ఇంకో చోటికి జరుపుతుంది. మన శివారు పేటలు ఆ మాటకు తెలుగు సాక్ష్యాలు.

ఇప్పుడు ఆ బంగళాలు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. వాటి స్థలాల్లో ఆసుపత్రులు, అపార్టుమెంట్లు లేచాయి. నేనున్న ఇల్లు కూడా లేదు. బర్మా టేకు దూలాల్ని బరువు లెక్కన అమ్మారట. నాదెండ్లలో మట్టిగోడలు పోయి సిమెంటు స్లాబులు వచ్చి చాలా కాలమయింది. పల్నాటి సున్నపురాయి 1958 నుంచి మాచర్ల కర్మాగారంలో సిమెంటుగా మారుతూనే ఉంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. 1904లో గుంటూరుకు వచ్చిన గడియ ఇప్పుడు మా వైపుకు వచ్చింది. కచేరీలు వచ్చాయి, వాటి వెనకే నల్లరేగడి చేలల్లో హద్దురాళ్ళు, కమాను గేట్లు, ప్లాట్ల నంబర్లు వస్తున్నాయి. ఆ గీతలు గీసేవాళ్ళు వేరే, ఆ రాళ్ళు మోసేవాళ్ళు వేరే. అది మారలేదు.

రచయితలకు నా విన్నపం ఒక్కటే. మిగిలిన పాత ఇళ్ళను కూలిపోకముందే కొలవండి. ఫోటో ముందు నుంచి తీసి ఊరుకోకుండా వెనక సందులోకి నడవండి. ఎన్ని గుమ్మాలున్నాయో, ఏ గుమ్మం ఎవరిదో, బావి గిలక మీద ఎవరి చేయి పడేదో, ఆ ఇంట్లో పనిచేసిన ముసలివాళ్ళను అడిగి రాయండి. కప్పు కొట్టిన మనిషి ఇంకా ఎక్కడో బతికి ఉంటే ఆమె పేరు రాసుకోండి. ఇంటి యజమాని పేరు ఎటూ గుమ్మం మీద చెక్కే ఉంటుంది.